గుడ్డు పెట్టని రెండు నెలలు

నన్ను కోపిష్టిదాన్నని అంటారు. అననివ్వండి. మా ఇంట్లో మిగతావాళ్ళంతా శాంతమూర్తులు, అందుకని ఇంటిల్లిపాది కోపమూ నా ఒక్కదాని వాటాకే వచ్చింది. ఆపరేషను అయి పంతొమ్మిది రోజులు మంచానికి అతుక్కుపోయిన మనిషి మొదటిసారి పెరట్లోకి దిగేసరికి, తొమ్మిది కోళ్ళు ఉండాల్సిన చోట ఫినాయిలు కంపు తప్ప ఏమీ లేకపోతే ఆ మనిషి ఏం చేయాలి? శాంతమూర్తులు ఏం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం అరిచాను. లోపలి కుట్లు పిగిలిపోతాయేమోనని పొట్టను రెండు చేతులతో పట్టుకుని మరీ అరిచాను.

కోళ్ళ సంగతి కొంచెం చెప్పకపోతే ఆ అరుపు మీకు అర్థం కాదు. మాది ఇరుకిల్లు, పెరడు మాత్రం ఇంటికి రెండింతలు. ముందుగదిలో నా కుట్టుమిషను, దాని పక్కన బడిపిల్లల యూనిఫారాల గుట్ట. వెనక వంటిల్లు. వంటింటి తలుపు తీస్తే మూడు మెట్లు, మెట్లు దిగితే పెరడు. ఆరేళ్ళ కిందట ఎవరో పారేసిన చెక్కబీరువా ఒకటి తెచ్చి, అరలు పీకేసి, తలుపుకు ఇనుపవల బిగించి, లోపల రెండు కర్రలు అడ్డంగా కొట్టి దాన్నే కోళ్ళగూడు చేశాను. ఆ కర్రలు సన్నగా ఉండకూడదు. కోడి తన కాళ్ళ మీద తానే చతికిలబడి పడుకుంటుంది కాబట్టి నాలుగు వేళ్ళ వెడల్పైనా ఉండాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది సన్నకర్ర మీద పడుకున్న ఒక పెట్టకు కాలు వంకరపోయాక తెలిసింది. దాన్ని ఇప్పటికీ కుంటిదనే పిలుస్తాం.

పొద్దున ఆరింటికి గూటి గడియలు తీయాలి. నిన్నటి నీళ్ళు పారబోసి, గిన్నె తోమి, మనం తాగగలిగే నీళ్ళే పెట్టాలి. గూట్లో పరిచిన రంపపుపొట్టు తడిసినంత మేరా ఎత్తిపోసి, వడ్రంగి కొట్టు నుంచి తెచ్చిన పొడిపొట్టు చల్లాలి. నూకలూ తవుడూ గుప్పెడే వేయాలి. జాలిపడి ఎక్కువ వేశామా, అవి పెరడు తవ్వడం మానేసి మెట్ల మీద కూర్చుని చుట్టాల్లా ఎదురుచూస్తాయి. పురుగూ ఆకూ తవ్వి తిన్న కోడి గుడ్డులోనే సొన ముదురు పసుపుగా ఉంటుంది. గుడ్డుపెంకులు పెనం మీద వేడిచేసి, మెత్తగా నలిపి పెట్టాలి, లేకపోతే తర్వాత పడేది పెంకు గట్టిపడని తోలుగుడ్డే. నలపకుండా పెట్టామంటే రుచి మరిగి సొంత గుడ్లే పొడుచుకు తింటాయి. ఓ మూల పొడి బూడిద పోసి ఉంచాలి, అందులో పొర్లితేనే పేలు పోతాయి. సాయంత్రం లెక్కపెట్టుకుని రెండు గడియలూ వేయాలి. ఒకటే వేస్తే పిల్లి తీస్తుంది, నేను కళ్ళారా చూశాను.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. వీటిలో ఒక్క పనీ ఆయన ఆరేళ్ళలో ముట్టుకోలేదు. నేను పొట్టు ఎత్తుతుంటే మెట్ల మీద నిలబడి కాఫీ తాగుతూ, కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకున్న ముసలమ్మవు నువ్వేనని వెక్కిరించేవాడు. వెక్కిరించి లోపలికెళ్ళి రెండు గుడ్ల ఆమ్లెట్ తినేవాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కోపమున్నవాళ్ళకు తప్పులుండవని నేనెప్పుడూ అనలేదు.

ఏడాదికోసారి, పగళ్ళు పొట్టిగా మారే రోజుల్లో, కోళ్ళు పాత ఈకలు రాల్చేసి కొత్తవి తొడుక్కుంటాయి. తిన్నదంతా ఈకలకే పోతుంది కాబట్టి రెండు నెలలు గుడ్డు పెట్టవు. మెడలు బోసిపోతాయి, తోకలు ఊడిపోతాయి, చూడ్డానికి ఎవరో సగం పీకి వదిలేసినట్టుంటాయి. అది రోగం కాదు. ఏడాదంతా పనిచేసిన ఒంటికి సెలవు, అంతే. కానీ మొదటి ఏడాది ఇంకా అది మొదలుకాకముందే, భోజనాల దగ్గర నలుగురి ముందు మా ఆయన అన్నాడు, గుడ్డు పెట్టినన్నాళ్ళే కోడి, పెట్టకపోతే కూర అని. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఏడాది ఈకలు రాలడం మొదలవగానే నేను ఆయనకంటే గంట ముందు లేచి, పెరడంతా ఊడ్చి, ఈకలన్నీ ఎరువుగుంటలో కప్పెట్టేశాను. వీధి చివరి కొట్లో గోధుమరంగు గుడ్లు కొని, కాస్త పొట్టు అంటించి, మా బుట్టలోనే పెట్టాను. రెండు నెలలు అలాగే గడిపాను. మరుసటి ఏడాదీ అంతే. ఆరేళ్ళు అదే పని. పైగా మా కోళ్ళు ఏడాది పొడుగునా పెడతాయని వీధిలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఈసారి గర్భసంచి తీసేశారు. ఆరు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, మెట్లు దిగకూడదు అన్నాడు డాక్టరు. నేను ఆసుపత్రికి వెళ్ళేముందు బుట్టలో నలభై గుడ్లు దాచి ఉంచాను. కడగని గుడ్డు మూడు వారాలు నిలవుంటుంది. ఈకలకు ఇంకా నెల టైముంది కదా, ఈలోగా లేచి తిరుగుతాననుకున్నాను. మనం అనుకున్నట్టు జరిగితే ఇంకేం కావాలి.

నన్ను చూసుకోవడానికి వదిన వచ్చింది. ఈవిడ మా ఆయన అక్క. ఒక కాలేజీ హాస్టల్లో పాతికేళ్ళు వంట చేసి రిటైరైంది. అన్నదమ్ములు ముగ్గురిళ్ళలో ఎవరికి జబ్బు చేస్తే వాళ్ళింటికి సంచి సర్దుకుని వస్తుంది, వాళ్ళు లేచి తిరిగాక మరో ఇంటికి వెళ్తుంది. మాట తక్కువ. మూడు వందల మందికి వండిన చెయ్యి కాబట్టి మా ముగ్గురికీ వండినా గంగాళం నిండుతుంది. రోజూ పొద్దున నాకొక ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి, నేను తినేదాకా మంచం పక్కన నిలబడేది. నేను రోజూ అడిగేదాన్ని, నీళ్ళు మార్చారా, పొట్టు వేశారా, అన్నీ గూట్లోకి చేరాయా అని. అన్నిటికీ ఒకటే మాట, ఆ, చేశాను అని.

పదిహేనోరోజు నా వల్ల కాలేదు. వదిన స్నానానికి వెళ్ళింది కదా అని నూకల గిన్నె పట్టుకుని, గోడ పట్టుకుని, రెండో మెట్టు దాకా దిగాను. కోళ్ళు కంటపడకముందే, ఏదో మరిచిపోయి ఇంటికి తిరిగొచ్చిన మా ఆయన చూశాడు. గిన్నె లాక్కుని, నన్ను పసిపిల్లలా నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆ మౌనం చూసి నేను మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పద్దెనిమిదోరోజు తిన్న గుడ్డు ఎందుకో చప్పగా అనిపించింది. పంతొమ్మిదోరోజు కొరికి చూశాను. సొన పాలిపోయి ఉంది. మా కోళ్ళ గుడ్డులో సొన అలా ఉండదు. వదిన కోళ్ళను బయటికి వదలడం లేదు, గూట్లోనే మూసిపెట్టి తవుడు పోస్తోంది అనుకున్నాను. అంతకుమించి చెడ్డది నా బుర్రకు తట్టలేదు. ఆవిడ వీధిలోకి వెళ్ళగానే లేచి, మూడు మెట్లూ ఒక్కొక్కటిగా దిగాను.

గూడు కడిగి ఆరబెట్టి ఉంది. కర్రలు కూడా కడిగేశారు. పొట్టు లేదు, నీళ్ళగిన్నె బోర్లించి ఉంది. బూడిద పోసే మూల చిమ్మేసి ఉంది. పెరడంతటి మీదా ఒక్క ఈక, ఒక్క రెట్ట కనపడలేదు. అప్పుడే అరిచాను.

వదిన పరుగున వచ్చింది. చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. మెట్ల మీదే నిలబడి, నా వైపు కాదు, గూడు వైపు చూస్తూ చెప్పింది.

"నేనే పంపించేశానమ్మాయ్. వాటికి జబ్బు చేసింది. ఈకలన్నీ రాలిపోయాయి, గుడ్లు మానేశాయి. చికెన్ షాపుకి ఇచ్చేశాం. మొన్న."

మొన్న అంటే రెండు రోజులు. ఆ రెండు రోజులూ నేను అడగడం, ఆవిడ నీళ్ళు మార్చానని చెప్పడం. నా కోపం నషాళానికెక్కింది. ఆ తర్వాత నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. ఒకటి మాత్రం రాయాలి. "మా ఇంట్లో తిని మా ఇంటి వాసాలే లెక్కపెట్టారు వదినా. మీకంటూ ఒక ఇల్లుంటే తెలిసేది, ఇంకొకళ్ళ పెరట్లో చెయ్యి పెట్టకూడదని." అదీ నేనన్నది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారలేదు, తెలిసే అన్నాను.

ఆవిడ కొత్తిమీర మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. కాసేపటికి సంచి జిప్పు చప్పుడు వినపడింది.

నేను గూడు తలుపు పట్టుకుని నిలబడ్డాను. జబ్బు అన్న మాట అప్పుడు చెవిలో తిరగడం మొదలుపెట్టింది. ఈకలు రాలిపోవడం జబ్బని వదిన అనుకుంటే తప్పెవరిది? ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరైనా ఒక్క రాలిన ఈకను చూశారా? గుడ్డు ఆగిన రోజు చూశారా? చూడకుండా చేసింది ఎవరు? కోళ్ళు కూరలోకి పోకూడదని నేను ఈకలు దాచాను. దాచినందువల్లే అవి కసాయి బల్ల మీదికి పోయాయి. కోపం అంతా నా మీదికే తిరిగింది, అది వదిన మీది కోపం కంటే చేదుగా ఉంది. కానీ ఏడుస్తూ కూర్చోవడానికి టైము లేదు. రెండు రోజులే అయింది. చికెన్ షాపులో తొమ్మిదీ అమ్ముడై ఉండకపోవచ్చు. ఎన్ని ఉంటే అన్ని తెచ్చుకోవాలి.

లోపలికి వచ్చి ఆటో పిలిపించమన్నాను. వదిన అప్పటికే చీర మార్చుకుని, సంచి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. నా మొహం చూసి సంచిని కాలితో గోడకు జరిపి, వంటింట్లోంచి పెద్ద అట్టపెట్టె ఒకటి తీసుకొచ్చింది. ఒంటరిగా వెళ్తానన్నాను. ఆటో కుదుపుకు నీ పొట్ట ఎవరు పట్టుకుంటారని అడిగి, తానే ముందు ఎక్కి కూర్చుంది.

దారి పొడుగునా గుంత వచ్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి నా ముందు అడ్డంగా వచ్చేది, గుంత దాటగానే వెనక్కి వెళ్ళిపోయేది.

చికెన్ షాపతను నాకు కొత్త కాదు, వాళ్ళ పిల్లల యూనిఫారాలు నేనే కుడతాను. బల్ల కడుగుతున్నాడు. నేను ఏమీ అడగకముందే వాకిట్లో ఉన్న బోనుల వైపు చూశాను. పై రెండు బోనుల్లో ఫారం కోళ్ళు తెల్లగా కిక్కిరిసి ఉన్నాయి. అన్నిటికంటే కింది బోనులో, మూల, బోసిమెడలతో ఒకదాన్నొకటి ఆనుకుని కొన్ని నిలబడి ఉన్నాయి. నేను వంగకూడదు కాబట్టి వదినే వంగి లెక్కపెట్టింది. ఐదు.

మళ్ళీ లెక్కపెట్టమన్నాను. మళ్ళీ ఐదే.

కుంటిది ఉంది. పక్కింటి పాత వాషింగ్ మిషనులో గుడ్లు దాచే దొంగది ఉంది. అందరినీ పొడిచే గయ్యాళి ఉంది. నల్లకవలల్లో ఒకటుంది. మూడేళ్ళ కిందట వచ్చినా ఇప్పటికీ కొత్తమ్మాయనే పిలిచేది ఉంది. పెద్దమ్మ లేదు. పెద్దమ్మ నేను పెంచిన మొదటి పెట్ట. పొద్దున గడియ తీయగానే అదే ముందు దిగి, చుట్టూ చూసి, ఒక్క శబ్దం చేస్తేనే మిగతావి దిగేవి. సాయంత్రం అన్నీ ఎక్కాక అది ఆఖరున ఎక్కేది.

షాపతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నాలుగింటిని మొన్ననే ఒక హాస్టలు వాళ్ళు పట్టుకెళ్ళారట. వాళ్ళు కోసి ఇమ్మంటారు, చూడరు. ఇక్కడికొచ్చి చూసి కొనేవాళ్ళు మాత్రం ఈ బోసిమెడల వాటిని చూసి రోగిష్టివని మొహం తిప్పుకున్నారట. అందుకే ఐదు మిగిలాయి. ఏ ఈకలు రాలినందుకు వాటిని తెచ్చిపడేశారో ఆ ఈకలు రాలినందుకే బతికాయి. నేను బోను తలుపు తీయమన్నాను. ఇవి రోగిష్టివి కావు, ఎవరూ సరిగా చెప్పక ఇలా జరిగింది, ఇది ఈకలు మార్చుకునే కాలం అని అతనికి వివరించబోయాను. అతను నన్ను ఆపాడు.

"నాకు తెలీదా అక్కా. ఇరవయ్యేళ్ళుగా కోళ్ళతోనే ఉన్నాను. మీ ఆయన తెచ్చిన రోజే చెప్పాను. ఇది జబ్బు కాదన్నా, రెండు నెలలు తిరిగితే మళ్ళీ గుడ్లు పెడతాయి, ఇంటికి తీసుకుపో అన్నాను. తెలుసు, అయినా ఉంచుకో అన్నాడు. ఒక ట్రే గుడ్లు పట్టుకుని వెళ్ళిపోయాడు."

మీ ఆయన. తెలుసు. ఈ రెండు మాటలూ నా బుర్రలోకి దిగడానికి కొంచెం టైము పట్టింది. నేను వదిన వైపు తిరిగాను. ఆవిడ అట్టపెట్టెకు గాలి కోసం వంటకత్తితో కన్నాలు పొడుస్తోంది. ఆ కత్తి ఎప్పుడు తెచ్చిందో నాకు తెలియదు.

"మీరు పంపలేదా?"

"జబ్బని వాడే చెప్పాడు నాతో. పట్టుకెళ్ళిందీ వాడే. తన పేరు చెబితే నువ్వు మంచం దిగి గొడవ పెట్టుకుంటావు, కుట్లు ఊడతాయి, నా పేరు చెప్పమన్నాడు." పెట్టె అటు తిప్పింది. "చిన్నప్పుడు వాడు ఏం పగలగొట్టినా నేనే పగలగొట్టానని చెప్పేదాన్ని. అలవాటైపోయింది."

అందుకే మీ తమ్ముడు ఇలా తయారయ్యాడన్నాను. ఔననుకుంటా, అంది.

కొత్త ఈక మొలిచేటప్పుడు కోడిని ఒంటి మీద పట్టుకోకూడదు, ముట్టుకుంటే విలవిల్లాడుతుంది. రెండు అరచేతులూ రొమ్ము కిందికి పోనిచ్చి ఎత్తాలి. వదిన ఎప్పుడూ కోడిని ఎత్తలేదు, వండింది అంతే. నేను చెబుతుంటే ఒక్కొక్కదాన్నీ అలాగే ఎత్తి పెట్టెలో దించింది. గయ్యాళి ఆవిడ మణికట్టు మీద రక్తం వచ్చేలా పొడిచింది. ఆవిడ దాన్ని తిట్టలేదు. ఇంటికి వెళ్ళే దారిలో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి పెట్టె మీద, ఒక చెయ్యి నా ముందు అడ్డంగా ఉంచి కూర్చుంది.

నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందన్నాను. ఏ మాటో ఆవిడ అడగలేదు.

"నిజం కాని మాటైతే మర్చిపోయేదాన్ని," అంది.

కోపం ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ మీద కోపం అప్పటికి ఒక్క చుక్క కూడా మిగల్లేదు, అదంతా ఇంకో చోటికి తరలిపోయింది. ఇంటికి రాగానే ఆవిడ సంచి నేనే తీసి లోపల పెట్టబోయాను. బరువెత్తకూడదని చేతిలోంచి లాక్కుంది. లాక్కుని ఆవిడే లోపల పెట్టింది. అంతకంటే నేను అడగలేదు.

మా ఆయన ఐదున్నరకు వచ్చాడు. నేను పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఐదు కోళ్ళూ గూటి నీడలో ముడుచుకుని ఉన్నాయి. రెండు రోజుల బోను తర్వాత వాటికి పెరడు కొత్తగా ఉన్నట్టుంది. ఒక్క దొంగది మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు గోడ వైపు నడిచింది. ఆయన వంటింటి తలుపు దగ్గరే ఆగిపోయాడు. చేతిలో పనిముట్ల సంచి అలాగే ఉంది.

నేను అరవలేదు. నన్ను ఎరిగినవాళ్ళెవరూ దీన్ని నమ్మరు. జబ్బని వదినతో ఎందుకు చెప్పారని నెమ్మదిగా అడిగాను. ఈకలు రాలితే జబ్బే అనుకున్నానన్నాడు. షాపతనితో తెలుసన్నారట కదా అన్నాను. అప్పుడు సంచి కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు.

ఆరేళ్ళుగా తెలుసట. మొదటి ఏడాది నుంచీ తెలుసట. కొట్టు గుడ్డులో సొన పాలిపోయి ఉంటుంది, ఎన్ని ఉల్లిపాయలు వేసి ఆమ్లెట్ చేసినా తెలుస్తుంది అన్నాడు. ఎరువుగుంటలో ఈకలు కూడా చూశాడట. నేను దాచుకుంటున్నానుగా, దాచుకోనిద్దామని ఊరుకున్నాడట. చెబుతూ కొంచెం నవ్వాడు కూడా, ఇద్దరి మధ్యా ఏదో ముద్దుముచ్చట జరిగినట్టు. నేను గంట ముందు లేచి, నడుం పడిపోయేలా ఊడ్చిన రోజులన్నీ ఈయన దుప్పటి కప్పుకుని వింటూ పడుకున్నాడన్నమాట. లేచి వచ్చి, నాకు తెలుసులేవే, చీపురు ఇటివ్వు అనలేదు.

"మరి తెలిసీ ఎందుకు ఇచ్చేశారు?"

"నీ కోసమే." నా మొహం చూడకుండా అన్నాడు. "ఆ రోజు గిన్నె పట్టుకుని రెండో మెట్టు మీద ఉన్నావు. అవి పెరట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు మంచం మీద ఉండవు. వంగొద్దని డాక్టరు అంతగా చెప్పాడు. నీకేమైనా అయితే? గుడ్లదేముంది, కొనుక్కుంటే దొరుకుతాయి."

నా కోసమట. తొమ్మిది పెట్టల్ని సంచుల్లో కుక్కి, తెలిసి, అడగకుండా, అక్క నెత్తిన నింద పెట్టి, నా కోసం. ఇన్నాళ్ళూ నాకు ఎవరి మీదా ఇంత కోపం రాలేదు, వదిన మీదా రాలేదు, నా మీదా రాలేదు. ద్వేషంతో చేసినవాణ్ణి తిట్టొచ్చు. ప్రేమతో చేశానని కూర్చున్నవాణ్ణి ఏమని తిట్టాలి?

"వంగొద్దని డాక్టరు నాకు చెప్పాడు," అన్నాను. "మీకెవరు చెప్పారు?"

ఆయన తలెత్తాడు.

"రోజుకు పాతిక నిమిషాల పని. పొద్దున పదిహేను, సాయంత్రం పది. ఊరందరి లిఫ్టు గుంటల్లోకీ వంగుతారు కదా. ఆరు వారాలు ఇక్కడ వంగుంటే సరిపోయేది."

ఆయన ఏదో అనబోయాడు. పొద్దున్నే డ్యూటీ అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ పని తనకు రాదని ఇంకోటి మొదలుపెట్టి, అదీ ఆపేశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది, వదిన వింటోందని ఇద్దరికీ తెలుసు. ఆఖరికి ఆ విషయం తనకు తట్టలేదన్నాడు. తట్టలేదు! అబద్ధం చెప్పినా ఇంత కోపం వచ్చేది కాదు. కోళ్ళను చంపాలని తట్టింది, అక్కతో అబద్ధం చెప్పించాలని తట్టింది, గుడ్ల ట్రే తేవాలని తట్టింది. చీపురు పట్టుకోవాలని మాత్రం తట్టలేదు.

లేవండన్నాను. లేచాడు. చొక్కా మార్చుకుంటానన్నాడు, అక్కర్లేదన్నాను.

నేను కుర్చీలోంచి చెప్పాను, ఆయన చేశాడు. వడ్రంగి కొట్టుకు వెళ్ళి పొట్టు తెచ్చాడు. తడిపొట్టు ఇచ్చాడు వడ్రంగి, వెనక్కి పంపాను. మళ్ళీ తెచ్చాడు. మూడు వేళ్ళ మందాన పరిచాక, ఇంకా వేయాలని మళ్ళీ పంపాను. గిన్నె తోమాడు, లోపల జిగురు అలాగే ఉంది, మళ్ళీ తోమించాను. వదిన తలుపు దగ్గర నిలబడి చూసింది గానీ తమ్ముడికి సాయానికి రాలేదు. అది ఆవిడకు మొదటిసారి అనుకుంటాను.

చీకటి పడేముందు కోళ్ళు గూటి ముందుకు వచ్చి ఆగాయి. మామూలుగా పెద్దమ్మ పక్కన నిలబడి చూస్తుంటే మిగతావి ఎక్కేవి. ఇప్పుడు ఒక్కటీ ఎక్కలేదు. కాసేపు అక్కడక్కడే తిరిగాయి. ఆయన తోలబోయాడు. తోలొద్దన్నాను, ఎత్తి పెట్టమన్నాను. రొమ్ము కింద రెండు చేతులు పెట్టి ఎలా ఎత్తాలో చెబితే, ఒక్కొక్కదాన్నీ ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టాడు. గయ్యాళి ఆయన్ని పొడవలేదు. దానికి బుద్ధి లేదు.

రెండు గడియలూ వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా పొట్టు. కోపం తగ్గిందా అని అడిగాడు.

"ఐదు కోళ్ళ మేరకు తగ్గింది," అన్నాను.

"మిగతా నాలుగూ?"

"అవి తిరిగొచ్చిన రోజు అడగండి."